నలుగురిలో నిలబడి చెప్పాలంటే

(చదవడం, రాయడం నేర్చుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



అడగందే అమ్మైనా పెట్టదు అంటారు పెద్దలు. ఈ సామెత అందరికీ తెలిసిందే. కానీ అడగడం ఎలాగో ఏ సామెతా చెప్పదు. ఈరోజు సంగతి అదే.

మీకు మాట్లాడటం రాదా? ఎందుకు రాదు! కుళాయి దగ్గర మాట్లాడతారు. నాట్లు వేస్తూ మాట్లాడతారు. సంతలో రూపాయి తగ్గించమని బేరం చేస్తారు. పిల్లవాడు బడి ఎగ్గొడితే వాడు తల వంచుకునేలా చెప్తారు. పొదుపు సంఘంలో ఎవరు ఎన్ని వాయిదాలు కట్టారో నోటి లెక్కగా చెప్తారు.

అదే మనిషి గ్రామసభలో లేచి నిలబడితే ఏమవుతుంది? నోరు ఎండిపోతుంది. కాళ్ళు వణుకుతాయి. ఇంటి దగ్గర అనుకున్న మాటలు గుర్తుకు రావు. "ఏం లేదులెండి" అని కూర్చుండిపోతుంది.

కొందరికి ఆ భయం పోయింది. వాళ్ళు లేస్తారు, గట్టిగానే మాట్లాడతారు. అయినా పని జరగదు. భయం పోవడం మొదటి మెట్టు మాత్రమే. వినేవాళ్ళ మనసుకు ఎక్కేలా చెప్పడం రెండో మెట్టు. చెప్పింది కాగితం మీదికి ఎక్కించడం మూడో మెట్టు. ఆ రెండు మెట్లు ఎక్కిన ఒక అక్క కథ వినండి.

పెద్దక్క కథ

ఒక ఊరు. ఊరి పేరు ఎందుకు? ఏ ఊరైనా అనుకోండి. ఊరి చివర ఒక కాలనీ. నలభై రెండు ఇళ్ళు. అక్కడ ఒక అక్క ఉంది. వయసు నలభై దాటింది. కూలి పని చేస్తుంది. కాలనీలో అందరూ ఆమెను పెద్దక్క అంటారు. రాత్రిపూట చదువుల కేంద్రానికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. వేలిముద్ర మానేసి సంతకం పెడుతోంది.

కాలనీలో ఇంటింటికీ కుళాయి ఉంది. కానీ నీళ్ళు మూడు రోజులకు ఒకసారి వస్తాయి. అదీ అరగంట. ఊళ్ళో మిగతా వీధులకు రోజూ వస్తాయి. నీళ్ళు చాలక కాలనీ ఆడవాళ్ళు కిలోమీటరు దూరంలో ఉన్న పొలం బోరు దగ్గరికి వెళ్తారు. బోరు రైతు ఒకరోజు పట్టుకోమంటాడు. ఒకరోజు కసురుకుంటాడు.

గ్రామసభ అని దండోరా వేశారు. "పెద్దక్కా, నువ్వు మాట్లాడు" అన్నారు అందరూ. ఆమె సరే అంది.

సభలో పెద్దక్క లేచింది. "నీళ్ళు రావట్లేదు" అని మొదలుపెట్టింది. మధ్యలో వీధి దీపాల మాట వచ్చింది. దీపాల నుంచి మురికి కాలువ మీదికి పోయింది. అక్కడి నుంచి అత్తగారి పింఛను మీదికి పోయింది. "మమ్మల్ని ఎవరూ పట్టించుకోరు, మా బతుకులింతే" అంటూ ఏడ్చేసింది. వెనక ఎవరో నవ్వారు. సర్పంచి గారు "సరేనమ్మా, చూద్దాం, కూర్చో" అన్నారు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత ఎవరో పుస్తకం తెచ్చి ఇచ్చారు. అందరితోపాటు ఆమె కూడా సంతకం పెట్టింది.

నెల గడిచింది. నీళ్ళు అలాగే మూడు రోజులకు ఒకసారి వస్తున్నాయి.

ఎక్కడ తప్పింది?

ఒక రాత్రి చదువుల కేంద్రంలో ఇదే మాట వచ్చింది. పెద్దక్క తల వంచుకుని కూర్చుంది.

"నువ్వు బాగానే మాట్లాడావు వదినా, వాళ్ళే వినలేదు" అంది ఒకామె.

"బాగా మాట్లాడితే ఎందుకు వినరు?" అంది పెద్దక్క. "ఏది తప్పో చెప్పండి. ఏమీ అనుకోను."

అప్పుడు ఒక్కొక్కరే చెప్పారు.

"నాలుగు సంగతులు చెప్పావు. ఏది ముఖ్యమో తెలియలేదు."

"నీళ్ళు రావట్లేదు అన్నావు. ఎన్ని వస్తున్నాయో, ఎన్ని కావాలో చెప్పలేదు."

"ఏం చెయ్యమని అడుగుతున్నావో చెప్పలేదు. అందుకే చూద్దాం అన్నారు."

"నువ్వొక్కదానివే లేచావు. మేము వెనక కూర్చుని చూస్తూ ఉన్నాం. ఆ తప్పు మాది."

చివరికి ఒక ముసలమ్మ అడిగింది: "సంతకం పెట్టిన పుస్తకంలో ఏం రాశారే?"

ఎవరూ చదవలేదు. పెద్దక్కా చదవలేదు. చదువు వచ్చి కూడా చదవలేదు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. నవ్విన వాళ్ళ మీద కోపం లేదు. చదవకుండా సంతకం పెట్టినందుకు తన మీద తనకే కోపం.

ఒకటే సంగతి

మళ్ళీ గ్రామసభ రావడానికి ఇంకా సమయం ఉంది. వాళ్ళు తయారు కావడం మొదలుపెట్టారు.

మొదటి పని, ఒకే సంగతి ఎంచుకోవడం. దీపాలు, కాలువ, పింఛను, అన్నీ కష్టాలే. కానీ చేతి నిండా గింజలు పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. నీళ్ళ సంగతి ఒక్కటే మాట్లాడాలనుకున్నారు. దీపాల సంగతి ఇంకొకామె ఇంకొక సభలో చెప్తుంది. పింఛను సంగతికి అర్జీ రాసి ఇస్తారు.

మీరు కూడా సభకు వెళ్ళే ముందు ఒక వాక్యం రాసుకోండి. "ఈ సభ ముగిసేసరికి ఈ పని చేస్తామని ఒప్పుకోవాలి" అని. ఆ వాక్యం రాయలేకపోతే మీకే ఇంకా తేలలేదని అర్థం. మీకు తేలనిది వినేవాళ్ళకు ఎలా తేలుతుంది?

పెద్దక్క రాసుకున్న వాక్యం ఇది: "మా కాలనీకి రోజు విడిచి రోజు, గంటసేపు నీళ్ళు వదలాలి."

ఎవరు వింటారో కూడా ఆలోచించారు. సర్పంచి గారు ఉంటారు. ఆయన చేతిలో నిర్ణయం ఉంది. కార్యదర్శి గారు ఉంటారు. ఆయన చేతిలో పుస్తకం ఉంది. నీళ్ళు వదిలే మనిషి ఉంటాడు. అతని చేతిలో వాల్వు ఉంది. పై వీధుల వాళ్ళు ఉంటారు. తమ నీళ్ళు తగ్గిపోతాయేమో అని వాళ్ళ భయం. ఆ భయానికి కూడా జవాబు ఉండాలి. వినేవాళ్ళ మనసులో ఉన్న ప్రశ్న మీ మాటలోనే ముందుగా వస్తే సగం గొడవ తగ్గిపోతుంది.

కొలిచి చెప్పడం

రెండో పని, లెక్క తియ్యడం. "చాలా కష్టంగా ఉంది" అంటే ఎవరైనా "అందరికీ కష్టమే" అంటారు. లెక్క చెప్తే అలా అనలేరు.

ఒక బిందె తెచ్చారు. లీటరు సీసాతో నీళ్ళు పోశారు. పదిహేను సీసాలు పట్టింది. అంటే బిందెకు పదిహేను లీటర్లు.

ఒక నోటుబుక్కు కొన్నారు. పదిహేను రోజులు రాశారు. నీళ్ళు ఏ రోజు వచ్చాయి? ఎన్ని గంటలకు వచ్చాయి? ఇంటికి ఎన్ని బిందెలు నిండాయి? అక్షరాలు నేర్చుకున్న వాళ్ళు వంతులు వేసుకుని రాశారు. పదిహేను రోజుల్లో అయిదు రోజులు నీళ్ళు వచ్చాయి. వచ్చిన రోజున ఇంటికి పది బిందెలు.

పది బిందెలంటే 150 లీటర్లు. అవి మూడు రోజులకు రావాలి. అంటే రోజుకు 50 లీటర్లు. ఇంట్లో అయిదుగురు ఉంటే మనిషికి 10 లీటర్లు.

మరి ఎన్ని రావాలి? 2019లో కేంద్ర ప్రభుత్వం జల జీవన్ మిషన్ అనే పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇవ్వాలని దాని ఉద్దేశం. ఆ పథకంలో పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. 55 రావాల్సిన చోట 10 వస్తున్నాయి!

ఈ లెక్క తేలేసరికి కేంద్రంలో అందరూ ఒక్క నిమిషం మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ తక్కువ అని తెలుసు. ఇంత తక్కువ అని తెలియదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. నీళ్ళు వచ్చేది ఉదయం తొమ్మిది గంటలకు. బడి గంట కొట్టేదీ అప్పుడే. అమ్మానాన్నలు కూలికి వెళ్ళిపోతారు. నీళ్ళు పట్టేది ఎవరు? ఆడపిల్లలు. పెద్దక్క మనవరాలు ఏడో తరగతి. నీళ్ళు వచ్చిన అయిదు రోజుల్లో నాలుగు రోజులు బడికి పోలేదు. బడి రిజిస్టరులో ఆ నాలుగు రోజులూ గైరుహాజరు పడింది. తాను నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు దిద్దుకుంది. మనవరాలికి చేతికి వచ్చిన చదువు బిందెల పాలవుతోంది. ఆ కాగితం చూశాక పెద్దక్కకు సభలో ఏం చెప్పాలో తెలిసిపోయింది.

లెక్కలు ఎక్కువ చెప్పకండి. పది లెక్కలు చెప్తే ఒకటీ గుర్తుండదు. రెండు మూడు చాలు. లెక్క పక్కన ఒక మనిషి ఉండాలి. లెక్క బుర్రకు ఎక్కుతుంది. మనిషి కథ మనసుకు ఎక్కుతుంది. రెండూ కావాలి.

చూపించి చెప్పడం

ముసలమ్మ ఒక ఉపాయం చెప్పింది. "పది లీటర్లు అంటే ఆ కుర్చీల్లో కూర్చున్న వాళ్ళకు ఏం తెలుస్తుందే? బకెట్టులో పోసి తీసుకెళ్ళి చూపించు" అంది.

చెవితో విన్నది మరిచిపోతారు. కంటితో చూసింది గుర్తుంటుంది. రేషను బియ్యం బాగా లేవా? గుప్పెడు బియ్యం కొంగున కట్టుకుని వెళ్ళండి. నీళ్ళు రంగు మారాయా? సీసాలో పట్టుకుని వెళ్ళండి. రోడ్డు గుంతలు పడిందా? ఇప్పుడు చాలా ఇళ్ళలో సెల్‌ఫోను ఉంది. ఫోటో తీసి చూపించండి. ఒక్క వస్తువు చాలు. నాలుగైదు తీసుకెళ్తే అది సంత అవుతుంది.

వంత పాడేవాళ్ళు

మూడో పని, సాధన.

బుర్రకథ చూశారు కదా. అందులో ముగ్గురు ఉంటారు. మధ్యలో కథకుడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. వంతలు ఊరికే తందాన అంటారా? కాదు. కథకుడు కాస్త ఊపిరి పీల్చుకునే సందు ఇస్తారు. "ఆ తర్వాత ఏమైంది?" అని అడుగుతారు. ఒకరు ఎదురు ప్రశ్న వేస్తారు, రాజకీయం మాట్లాడతారు. ఇంకొకరు నవ్విస్తారు. వినేవాళ్ళ మనసులో ఉన్న మాటే వాళ్ళు అడుగుతారు. అందుకే జనం కూర్చుని వింటారు.

పెద్దక్కకు కూడా ఇద్దరు వంతలు దొరికారు. ఒకామె నోటుబుక్కు పట్టుకుంటుంది. లెక్క మరిచిపోతే అందిస్తుంది. ఇంకొకామె బకెట్టు పట్టుకుంటుంది. మిగిలిన వాళ్ళు ముందు వరుసలో కూర్చుంటారు. తెలిసిన ముఖాలు ఎదురుగా ఉంటే ధైర్యం వస్తుంది.

ఇక రోజూ రాత్రి కేంద్రంలో సాధన. ఒకామె సర్పంచి గారయింది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఇంకొకామె అడ్డు తగిలే పెద్దమనిషి అయింది. కొంగు తలపాగాలా చుట్టుకుని "ఏమమ్మా, ఏంది నీ గోల?" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే పెద్దక్క భయం సగం పోయింది. సభలో అడగబోయే మాటలన్నీ అక్కడే అడిగేశారు. జవాబులు అక్కడే వెతుక్కున్నారు.

మొదటిరోజు పెద్దక్క పది నిమిషాలు మాట్లాడింది. "ఎక్కువైంది" అన్నారు. రెండోరోజు ఆరు నిమిషాలు. మూడోరోజు మూడు నిమిషాలు. మాట తగ్గేకొద్దీ పదును పెరిగింది. ఒక పిల్లవాడు ఆమె మాటలను ఫోనులో రికార్డు చేసి వినిపించాడు. "ఇంత గబగబా మాట్లాడుతున్నానా!" అని ఆమే ఆశ్చర్యపోయింది.

సాధనలో వాళ్ళు తెలుసుకున్న సంగతులు ఇవి.

లేవగానే మాట్లాడకూడదు. నిలబడాలి. రెండు కాళ్ళ మీద బరువు సమానంగా ఉంచాలి. ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. సభ మొత్తం ఒకసారి చూడాలి. అప్పుడు నోరు తెరవాలి.

నేల చూపులు చూడకూడదు. ఒక మాట సర్పంచి గారిని చూసి చెప్పాలి. ఒక మాట జనాన్ని చూసి చెప్పాలి.

ముఖ్యమైన మాట ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆగితే జనం తలెత్తి చూస్తారు.

మైకు ఇస్తే నోటికి మరీ ఆనించకూడదు. జానెడు కంటే తక్కువ దూరంలో పట్టుకుంటే చాలు. మైకు ఉన్నప్పుడు అరవక్కర్లేదు. మైకు లేకపోతే ఆఖరి వరుసలో కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి.

మాటలన్నీ బట్టీ పట్టకూడదు. ఒక్క మాట మరిచిపోతే అంతా ఆగిపోతుంది. చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. పెద్దక్క కాగితం మీద ఉన్నవి నాలుగే: బకెట్టు. లెక్క. మనవరాలు. అడిగేది.

ఇంకొకటి. ఇంట్లో మాట్లాడే భాషలోనే మాట్లాడాలి. పెద్ద పెద్ద మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. మీ యాసలో చెప్పిన మాటకే బలం ఎక్కువ.

రెండోసారి

గ్రామసభ రోజు వచ్చింది. పెద్దక్క వంతు వచ్చింది. ఆమె లేచింది. బకెట్టు తెచ్చి సర్పంచి గారి బల్ల మీద పెట్టింది. ఒక్క క్షణం ఆగింది. ఇలా చెప్పింది:

"సర్పంచి గారికి, కార్యదర్శి గారికి, పెద్దలకు నమస్కారం. ఈ బకెట్టులో పది లీటర్ల నీళ్ళున్నాయి. మా కాలనీలో ఒక మనిషికి ఒక రోజుకు వచ్చే నీళ్ళు ఇవే. తాగడానికి ఇవే. వండడానికి ఇవే. స్నానానికి, గిన్నెలకు, బట్టలకు ఇవే. పదిహేను రోజులు రాసి పెట్టాం. పుస్తకం ఇదిగో. పథకం లెక్క ప్రకారం మనిషికి 55 లీటర్లు రావాలి. మాకు 10 వస్తున్నాయి. నీళ్ళు బడి వేళకు వస్తున్నాయి. నీళ్ళు పట్టడానికి నా మనవరాలు నాలుగు రోజులు బడి మానేసింది. కాలనీలో ఇలాంటి పిల్లలు ఏడుగురు ఉన్నారు. మేము అడిగేది ఒకటే. రోజు విడిచి రోజు, గంటసేపు, ఉదయం ఆరు గంటలకు మా కాలనీకి నీళ్ళు వదలండి. పై వీధుల వాళ్ళ నీళ్ళు ఆపమని మేము అడగట్లేదు. వాళ్ళూ మా ఊరివాళ్ళే."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఎవరూ నవ్వలేదు.

వెనక నుంచి ఒకాయన లేచాడు. "నీళ్ళ లెక్కలు ఆడవాళ్ళకెందుకు?" అన్నాడు.

కేంద్రంలో ఈ ప్రశ్న పది సార్లు విన్నారు. పెద్దక్క కోపం తెచ్చుకోలేదు. "బిందె మోసేది మేము కదా అన్నా. మోసేవాళ్ళకే కదా బరువు తెలిసేది" అంది. ఈసారి జనం నవ్వారు. కానీ ఆమెను చూసి కాదు.

నీళ్ళు వదిలే మనిషి లేచాడు. "మోటారు శక్తి చాలదు. గంటసేపు వదిలితే ట్యాంకు ఖాళీ అవుతుంది" అన్నాడు.

ఇది సాధనలో రాని ప్రశ్న. పెద్దక్కకు జవాబు తెలియదు. తెలియనిది తెలిసినట్టు చెప్పలేదు. "మోటారు సంగతి నాకు తెలియదు తమ్ముడూ. తెలిసినవాళ్ళు వచ్చి చూడాలి. ఎప్పుడు చూస్తారో తేదీ చెప్పండి" అంది. తెలియదు అనడం ఓడిపోవడం కాదు. అబద్ధం చెప్పి దొరికిపోతే చెప్పిన నిజాలు కూడా నీళ్ళలో కలుస్తాయి.

సర్పంచి గారు బకెట్టు వైపు చూశారు. పుస్తకం తిరగేశారు. "సరే. వాల్వు, మోటారు చూపిద్దాం. రాసుకోండి" అన్నారు కార్యదర్శితో.

చదివి సంతకం

సభ ముగిసింది. పుస్తకం చేతికి వచ్చింది. పక్కనున్నామె పెన్ను అందించింది. పెద్దక్క పెన్ను తీసుకోలేదు. పుస్తకం దగ్గరికి పెట్టుకుని వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"తా-గు-నీ-టి స-మ-స్య-పై చ-ర్చిం-చ-డ-మై-న-ది."

వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారు. "తొందరగా పెట్టమ్మా" అన్నారు. ఆమె చదవడం ఆపలేదు. పూర్తిగా చదివి తలెత్తింది.

"సార్, చర్చించాం అని ఉంది. ఏం చేస్తారో లేదు. ఎప్పుడు చేస్తారో లేదు. అవి రాస్తే సంతకం పెడతాను" అంది.

కార్యదర్శి గారు ఆమెను ఒకసారి చూశారు. పెన్ను తీసి రాశారు. వారం లోపు వాల్వు, మోటారు తనిఖీ చేయించాలి అని రాశారు. అప్పటిదాకా కాలనీకి రోజు విడిచి రోజు ఉదయం నీళ్ళు వదలాలి అని రాశారు. పెద్దక్క మళ్ళీ చదివింది. అప్పుడు సంతకం పెట్టింది. ఇంటికి వచ్చాక అదే మాట, అదే తేదీ తన నోటుబుక్కులో రాసుకుంది.

ఆ తర్వాత ఏమైంది? వాల్వు సగం తుప్పు పట్టి ఉందని తేలింది. మార్చారు. ఇప్పుడు రోజు విడిచి రోజు నీళ్ళు వస్తున్నాయి. గంటసేపు రావు. నలభై నిమిషాలు వస్తాయి. పెద్ద మోటారు ఇంకా రాలేదు. నోటుబుక్కులో రాయడం వాళ్ళు ఆపలేదు. వచ్చే సభలో మోటారు సంగతి అడుగుతారు. మనవరాలు మాత్రం రోజూ బడికి పోతోంది.

గ్రామసభ ఎవరిది?

గ్రామసభ అంటే సర్పంచి సభ కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. మగవాళ్ళు ఎంతో ఆడవాళ్ళూ అంతే. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటు ఇచ్చింది. పంచాయతీ సీట్లలో మూడో వంతు మహిళలకు కేటాయించింది. తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాలు దాన్ని సగానికి పెంచాయి. కుర్చీ దొరికింది. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి నోరు కూడా విప్పాలి కదా. ఆమె పక్కన భర్త నిలబడి మాట్లాడితే ఆ కుర్చీ ఎవరిది అయినట్టు?

మాట్లాడిన ఆడవాళ్ళు

ఆడవాళ్ళు సభలో మాట్లాడటం కొత్త కాదు.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఆయన హిందీలో మాట్లాడారు. ఆ మాటలను జనానికి తెలుగులో చెప్పింది ఎవరో తెలుసా? సుమారు పన్నెండేళ్ళ పిల్ల. పేరు దుర్గాబాయి. అంత పెద్ద సభలో అంత చిన్న పిల్లకు ఎలా చేతనయింది? ఆమె ముందే హిందీ నేర్చుకుంది. తాను నేర్చుకుని ఊరుకోలేదు, ఇతర ఆడవాళ్ళకు నేర్పింది. నేర్పడం కూడా సాధనే. ఆమే తర్వాత 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. రాజ్యాంగాన్ని రాసిన సభలో సభ్యురాలయింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే దేశమంతా తెలిసింది.

ఇంకొక సంగతి చదువుల కేంద్రాలదే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకున్నారు. వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంది. పాఠం చదివారు. తమ ఇళ్ళ సంగతి మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క వేసుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. జిల్లాలో సారా వేలంపాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో మద్య నిషేధం పెట్టారు. 1997లో దాన్ని సడలించారు. అంటే ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు. గెలిచిన దాన్ని కాపాడుకోవడానికి కూడా మాట్లాడుతూనే ఉండాలి.

ఆ రాత్రి బడుల్లో మొదలైంది ఏమిటి? నలుగురు కూర్చుని ఒక పాఠం చదివి మాట్లాడుకోవడమే. మీ కేంద్రంలో కూడా ఆ నలుగురు ఉన్నారు.

అమ్మలారా! అక్కలారా! వచ్చే గ్రామసభకు ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఒక సంగతి తీసుకెళ్ళండి. ఒక లెక్క తీసుకెళ్ళండి. ఇద్దరు తోడు తీసుకెళ్ళండి. చెప్పాల్సింది చెప్పండి. పుస్తకం చేతికి వస్తే, వెనకవాళ్ళు ఎంత తొందర పెట్టినా, చదివి సంతకం పెట్టండి. నేర్చుకున్న అక్షరాలు అందుకే.

గుర్తు పెట్టుకోండి

1. ఒకే సంగతి చెప్పండి.
2. ఎవరు వింటారో ముందే ఆలోచించండి.
3. కొలిచి, లెక్క రాసుకుని చెప్పండి.
4. ఒక వస్తువు చూపించండి.
5. నలుగురి ముందు సాధన చెయ్యండి.
6. ఏం కావాలో, ఎప్పటికి కావాలో అడగండి.
7. తెలియనిది తెలియదు అనండి.
8. చదివి సంతకం పెట్టండి. మీ దగ్గర కూడా రాసి ఉంచుకోండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మొదటిసారి పెద్దక్క మాట ఎందుకు పని చెయ్యలేదు?
2. "పై వీధుల వాళ్ళ నీళ్ళు ఆపమని అడగట్లేదు" అని ఆమె ఎందుకు చెప్పింది?
3. మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు జరిగింది? ఎంతమంది ఆడవాళ్ళు వెళ్ళారు? ఎంతమంది మాట్లాడారు?

చెయ్యండి

మీ వీధిలో ఒక సమస్య ఎంచుకోండి. వారం రోజులు దాని లెక్క రాయండి. నాలుగు ముక్కలు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. కేంద్రంలో లేచి నిలబడి రెండు నిమిషాలు చెప్పండి. ఒకరు సర్పంచి గారు కండి. ఒకరు అడ్డు తగలండి. నవ్వు వస్తే నవ్వండి. మళ్ళీ చెప్పండి.